ఉప్పెన ఏడూ, మన లెక్కలూ

ఏటా డిసెంబరు చివరి వారంలో మన పత్రికలు ఒక తంతు జరుపుతాయి. గడిచిన ఏడాదిని వెనక్కి తిరిగి చూస్తాయి. పోయిన పెద్దలు, పడిపోయిన ప్రభుత్వాలు, బాగా ఆడిన సినిమాలు, బహుమతులు వచ్చిన పుస్తకాలు - వీటన్నిటినీ పక్కపక్కన పేర్చి ‘ఇదీ ఈ సంవత్సరం’ అంటాయి. పాత సంవత్సరాల విషయంలో ఈ పని మరీ తేలిక. ఎవరో ఒకసారి తయారుచేసిన జాబితాని తర్వాతి వాళ్లు దుమ్ము దులిపి వాడుకుంటారు.

1977 గురించి ఇలాంటి పేజీలు నేను అరడజనుకి తక్కువ కాకుండా చదివాను. అన్నిట్లోనూ అవే సంగతులు. ఎన్నికలు వచ్చాయి, ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయింది, ఎమర్జెన్సీ పోయింది, మొరార్జీ ప్రధాని అయ్యాడు, కోకాకోలా దేశం విడిచి వెళ్లింది, దాని బదులు ‘డబల్ సెవెన్’ అనే సర్కారు పానీయం వచ్చింది, సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యాడు, ‘అడవి రాముడు’ విరగబడి ఆడింది. చివర ఒక వాక్యం: ‘నవంబరులో దివిసీమని ఉప్పెన ముంచెత్తింది.’ ఆ వాక్యం తర్వాత చుక్క. మళ్లీ సినిమాలు.

నేను ఆ చుక్కకి ఈవల పుట్టినవాణ్ణి. 1977లో నేను లేను. కాని ఆ సంవత్సరం ఊసు లేకుండా మా ఇంట్లో ఏ పుట్టుకా ఏ చావూ చెప్పుకోగా వినలేదు. మా వైపు ముసలివాళ్లని వయసు అడిగితే అంకె చెప్పరు. ‘ఉప్పెన ఏటికి నాకు పెళ్లయి రెండేళ్లు’ అంటారు. ‘ఉప్పెన తర్వాత కట్టిన ఇల్లు’, ‘ఉప్పెనకి ముందు మామిడిచెట్టు’. పంచాంగం లెక్కన అది పింగళ నామ సంవత్సరం. ఆ ఏడు ఉగాదీ, ఎమర్జెన్సీ ఎత్తివేతా దాదాపు కలిసి వచ్చాయి. అయినా మా వాళ్లలో ఎవరూ దాన్ని పింగళ అనరు, జనతా వచ్చిన ఏడు అనీ అనరు. ఉప్పెన ఏడు, అంతే.

ఒకే సంవత్సరానికి ఇన్ని పేర్లుంటే సాహిత్య విమర్శకుడు ఏ పేరుతో పిలవాలి? ఇది మాటల తేడా మాత్రమే అని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. మన సాహిత్య చరిత్రలు ‘ఎమర్జెన్సీ అనంతర సాహిత్యం’ అని ఒక దశని గుర్తించి దానికి 1977 మార్చి 21ని గుమ్మంగా నిలబెడతాయి. ఎమ్మేలో మాకూ అలాగే చెప్పారు, నేనూ అలాగే పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ గుమ్మం ఢిల్లీలో ఉందనీ, తెలుగునేల మీద నిలబడి చూస్తే అది సగమే కనిపిస్తుందనీ అప్పుడు నాకు తట్టలేదు.

ఎన్నికల సంగతే తీసుకుందాం. ఆ మార్చిలో ఉత్తరాదిన కాంగ్రెసు ఊడ్చుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగింది? 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకే వచ్చాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల, అక్కడ జనతా తరఫున గెలిచింది నీలం సంజీవరెడ్డి. అంటే దేశం ‘రెండో స్వాతంత్ర్యం’ అని పండగ చేసుకుంటున్న వారంలో మన జనం ఎమర్జెన్సీ పెట్టినవాళ్లకే ఓటు వేశారు. అక్కడితో ఆగలేదు. 1978 ఫిబ్రవరిలో, దివిసీమ పొలాల్లో ఇంకా ఉప్పు పేరుకుని ఉండగానే జరిగిన శాసనసభ ఎన్నికల్లో ఇందిరా కాంగ్రెసు 294 స్థానాల్లో 175 గెలిచింది.

ఈ ఓటుని మన అభ్యుదయ, విప్లవ విమర్శ ఏం చేసింది? దాటవేసింది. మరీ అడిగితే ప్రజల చైతన్యస్థాయి తక్కువ అంది. మన అంచనాకి ప్రజలు ఒదగనప్పుడల్లా వాళ్ల చైతన్యాన్ని కొలిచి తగ్గించటం మనకి బాగా అలవాటైన పద్ధతి. ఇళ్లస్థలం పట్టా చేతికొస్తుందన్న ఆశా, 1973 భూసంస్కరణల చట్టం మీద నమ్మకమూ, 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం గురించి రేడియోలో విన్న మాటలూ కూలివాడి లెక్కలో ఎంత తూగి ఉంటాయి? పత్రికల మీద సెన్సారు అతని లెక్కలో ఎంత తూగి ఉంటుంది? అతను పత్రిక చదవనప్పుడు సెన్సారు అతన్ని ఎక్కడ తాకుతుంది? ఇటు జనతా పేరుతో ఓటడగటానికి వచ్చినవాళ్లు ఎవరు? నిన్నటిదాకా కాంగ్రెసులో ఉన్న ఆసాములే గదా. ఎర్రజెండా పార్టీల్లో ఒకటి ఎమర్జెన్సీని సమర్థించింది కూడా. ఇవన్నీ ఒక మంచి నవలకి వస్తువు. నాకు తెలిసినంతలో ఆ 41 స్థానాల మీద మనకి నవల లేదు. ఎమర్జెన్సీని ఎదిరించినవాడి కథ ఉంది. ఎమర్జెన్సీ కింద బతికి, మళ్లీ ఆ గుర్తుకే ఓటేసి వచ్చి గంజి తాగిన మనిషి కథ లేదు. అతను మనకి చిన్నతనంగా తోచాడు.

న్యాయంగా చెప్పాలంటే, ఎదిరించినవాడి కథని మనం బాగానే రాశాం. కారణం కూడా స్పష్టమే: రాసినవాళ్లు జైళ్లలో ఉన్నారు. సికింద్రాబాదు కుట్రకేసు 1974లో మొదలైంది. అందులో ముద్దాయిలుగా నిలబడ్డవాళ్లలో కవులు, విమర్శకులు ఉన్నారు. ఆ కేసు కొట్టివేయటానికి 1989 దాకా పట్టింది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని చంపి ఎన్‌కౌంటర్ అన్నారు. 1977లో తార్కుండే కమిటీ ఆ కథని విప్పింది, కన్నబిరాన్ లాంటి న్యాయవాదులు దాన్ని జనం ముందు పెట్టారు, ప్రభుత్వం భార్గవా కమిషన్ని వెయ్యక తప్పలేదు. అది చివరిదాకా సాగలేదన్నది వేరే సంగతి. ఢిల్లీ 1977 తెలంగాణ 1977ని నిజంగా తాకింది ఇక్కడే. ఆ రోజుల జైలు కవిత్వం ఇప్పుడు చదివినా గోడ చల్లదనం చేతికి తగులుతుంది. ఎందుకంటే అందులో గోడ ఉంది, కంబళి ఉంది, ములాఖత్ రోజున ఇనుప జల్లెడ వెనక నుంచున్న తల్లి ఉంది. వస్తువు తెలిసినచోట శిల్పం కోసం వెతుక్కోవలసిన పని రాలేదు.

మరి తెలియనిచోట?

మా ఊళ్లో ఒక రిటైరైన మాస్టారు ఉప్పెన మీద వచ్చిన కవితల్ని వారపత్రికల నుంచి కత్తిరించి రెండు నోటుపుస్తకాల్లో అంటించి పెట్టుకున్నారు. ఆయన నాకు వాటిని చదువుకోమని ఇచ్చారు. వేసవి సెలవుల్లో రెండుసార్లు చదివాను. వందకి పైబడే ఉన్నాయి. రాసినవాళ్ల దుఃఖాన్ని నేను శంకించను. కాని వరసగా చదువుతుంటే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. సముద్రం రాక్షసి, సముద్రం కాళి, సముద్రం కన్నతల్లే కాటేసింది, సముద్రుడా నీకు దయలేదా. అన్నిట్లోనూ నిలదీసింది సముద్రాన్నే. కరకట్ట గురించి ఒక్క కవితలో ఒక్క ముక్క లేదు. పాకలు ఎక్కడ వేసుకోనిచ్చారు, ఎందుకక్కడే వేసుకోనిచ్చారు అన్న ప్రశ్న లేదు.

దివిసీమ స్వరూపం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయల మధ్య, సముద్రానికి ఒడ్డున ఉన్న పల్లపు నేల ఇది. మంచి మాగాణి. ఊళ్లలో మెరక మీద పెంకుటిళ్లూ మేడలూ ఉండేవి. ఊరి చివర పల్లంలో, సముద్రం వైపు, లంకల్లో పాకలుండేవి. ఆ పాకల్లో జాలర్లూ కూలీలూ ఉండేవాళ్లు. నవంబరు 19, శనివారం నాడు అల తాటిచెట్టు ఎత్తున వచ్చిందని చూసినవాళ్లు చెబుతారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి - ఈ పేర్లు అప్పుడే లోకానికి తెలిశాయి. చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల దాకా ఉన్నారు. ఎవరి పాకలు పల్లంలో ఉన్నాయో వాళ్లే ఎక్కువ పోయారని చెప్పటానికి ఏ కమిషనూ అక్కర్లేదు.

ఇది విధి అనేవాళ్లకి చరిత్రే జవాబు చెబుతుంది. 1864 నవంబరులో బందరుని ముంచిన ఉప్పెనలో ముప్పై వేలమంది పోయారంటారు. ఆ తర్వాత 113 ఏళ్లకి ఇది. దీని తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక రాగానే జనాన్ని లేపి తరలించటం నేర్చుకున్నారు. 1990 మేలో అంతటి తుఫానే మళ్లీ కృష్ణా ముఖం దగ్గర తీరం దాటింది. అప్పుడు చనిపోయినవాళ్లు వెయ్యికి లోపు. అదే సముద్రం, అదే గాలి. తేడా ఎక్కడుందో కవులు చూడవలసింది అక్కడ. సిమెంటు మెట్లున్న ఒక భవనం మీద ఎందుకు కవిత రాదని నన్ను వెక్కిరించవచ్చు. రాదనే నా ఫిర్యాదు.

ఇక్కడ పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ గుర్తు చెయ్యాలి. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ అది. తెలుగు కథ ఎక్కిన మెట్లలో ఒకటి, నేను ఏటా పిల్లలకి చదివి వినిపిస్తాను. గాలివానలో చిక్కుకున్న ఒక పెద్దమనిషి విలువలు రైల్వే స్టేషన్లో ఒక బిచ్చగత్తె ఎదుట ఎలా కూలిపోయాయన్నది అందులో వస్తువు. గాలివాన అక్కడ మనిషికి ఒక పరీక్ష. కథ గొప్పదే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, తర్వాత తుఫాను మీద రాసినవాళ్లకి ఆ పెద్దమనిషి చూపే మిగిలిపోయింది. తుఫాను మన అంతరంగాన్ని కడిగేది అనుకోవటం మధ్యతరగతి రచయితకి సుఖంగా ఉంటుంది. పాక కొట్టుకుపోయినవాడికి అంతరంగం కడుక్కునే తీరిక లేదు. బిచ్చగత్తె వైపు నుంచి ఆ రాత్రిని చెప్పే కథ 1977 తర్వాతైనా రావలసింది.

ఇక సంస్కృతి సంగతి. ఆ ఏడాది ప్రజా సంస్కృతి అంటే, ఎవరికి ఇష్టమున్నా లేకున్నా, సినిమాయే. సంక్రాంతికి ఒకే రోజున ‘దానవీరశూరకర్ణ’, ‘కురుక్షేత్రం’ విడుదలయ్యాయి. ఏప్రిల్‌లో ‘అడవి రాముడు’, అక్టోబరులో ‘యమగోల’. అక్టోబరులోనే హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది గాని దాని బొమ్మ మా వైపు రావటానికి ఇంకా ఏళ్లు పట్టింది. మాకున్నది పంచాయితీ రేడియో, టూరింగ్ టాకీసు. కోకాకోలా పోయిన సంగతి మా ఊరి గోలీసోడా బండివాడికి తెలిసే ఉండదు.

మన విమర్శకులు ఈ సినిమాల్ని ‘జనాన్ని మత్తులో ముంచే సరుకు’ అని ఒక్క మాటతో తీర్మానించారు. తీర్మానం సరైందే కావచ్చు, కాని మత్తు ఏ దినుసులతో తయారైందో చూడొద్దూ? ‘దానవీరశూరకర్ణ’లో కులం గురించి సుయోధనుడు వేసే ప్రశ్నల డైలాగు మా హైస్కూలు వార్షికోత్సవంలో ఇప్పటికీ ఎవడో ఒక కుర్రవాడు అప్పజెబుతాడు. పాఠ్యపుస్తకంలో పద్యం రాని కుర్రవాడికి అది గుక్క తిప్పుకోకుండా వస్తుంది. పల్లె నుంచి వచ్చే పిల్లలు దాన్ని వినేటప్పుడు వాళ్ల మొహాలు నేను చూశాను. కొండవీటి వెంకటకవి రాసిన ఆ మాటల్లో వాళ్ల సొంత ప్రశ్న ఉంది. జవాబు మాత్రం రాజుగారి చేతిలో ఉంది: అంగరాజ్యం ఇస్తే కర్ణుడి కులం సమస్య తీరిపోతుంది. ప్రశ్న జనానిది, పరిష్కారం ప్రభువు దయ. ఈ అతుకు ఎక్కడ వేశారో చూపించటం విమర్శకుడి పని; చూడకుండా మత్తు అనేస్తే ఆ కుర్రవాణ్ణి పోగొట్టుకుంటాం.

‘అడవి రాముడు’లోనూ అదే కిటుకు. అడవి జనం తరఫున నిలబడి దొంగరవాణా చేసేవాణ్ణి ఎదిరించిన వీరుడు చివరికి ఎవరని తేలతాడు? ప్రభుత్వం పంపిన అటవీశాఖ అధికారి. శ్రీకాకుళం గిరిజనుల పోరాటం అణగారి పదేళ్లయినా కాలేదు. అడవిలో గిరిజనుడికి ఎదురుపడే మొదటి శత్రువు ఫారెస్టు ఉద్యోగి అని ఆ పోరాటం చెప్పింది. అదే దశకంలో రాష్ట్రమంతా చప్పట్లు కొట్టిన సినిమా ఆ ఉద్యోగినే రక్షకుణ్ణి చేసింది. ‘యమగోల’లోనైతే సమ్మె యమలోకానికి వెళ్లింది. సమ్మె అన్న మాట పలకటానికి భయపడ్డ ఇరవై నెలల తర్వాత, హాల్లో కూర్చుని యమభటుల హక్కుల గురించి విని జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి ఉంది, అది నిజం. ఊపిరి తీసుకోవటం కూడా ఉంది. డి.వి. నరసరాజు కలం ఆ రెంటినీ ఒకే వాక్యంలో పట్టగలిగింది. అది మన రచయితలు నేర్చుకోదగ్గ విద్యే.

ఈ మూడు సినిమాల్లోనూ ఒకే మనిషి కనిపిస్తాడు. ఆ ఏడాది చివర ఉప్పెన బాధితుల కోసం వీధుల్లో తిరిగి చందాలు వసూలు చేసినవాళ్లలోనూ రామారావు ఉన్నాడు, నాగేశ్వరరావూ ఉన్నాడు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయినవాడికి ఆ దారి ఎక్కడ మొదలైందని అడిగితే రాజకీయ పండితులు 1982 మార్చి అంటారు. నేను ఉప్పెన ఏడు అంటాను. తెరమీద రక్షకుడు రోడ్డుమీద జోలె పట్టి నడవటం జనం మొదటిసారి అంత దగ్గరగా చూసిన సందర్భాల్లో అదొకటి.

ఇదే సంవత్సరంలో తెలుగులో మరో సినిమా వచ్చింది. తెలుగు రాని బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ హిందీ కథ ‘కఫన్’ని తీసుకుని తెలంగాణ పల్లెలో ‘ఒక ఊరి కథ’ తీశాడు. పనిచేస్తే దొర బలుస్తాడు తప్ప మనకి మిగిలేదేమీ లేదని పని మానేసిన తండ్రీ కొడుకూ, ఇంటి చాకిరీ అంతా మోసి పురిటినొప్పుల్లో చచ్చిపోయిన కోడలూ - ఇంతే కథ. చూడటానికి కష్టంగా ఉంటుంది. ఆ తండ్రి మీద జాలి కలగదు, అసహ్యం కూడా పూర్తిగా కలగనివ్వడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకి కదిలిన కూలీల వెనక ఏ బతుకుందో ఆ సినిమాలో ఉంది. బయటివాడు వచ్చి చూడగలిగింది మన కథకులకి ఎందుకు ఆలస్యంగా కనిపించిందన్నది నన్ను వదలని ప్రశ్న. మా ప్రాంతంలో ‘అడవి రాముడు’ ఎన్నిసార్లు చూశారో వేళ్లమీద లెక్కపెట్టి చెప్పేవాళ్లు కొల్లలు. ‘ఒక ఊరి కథ’ హాల్లో చూశామన్నవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఉందామనుకున్నాను గాని, లెక్కల గురించి ఇంత మాట్లాడి దాన్ని దాచటం మర్యాద కాదు.

మా అమ్మ పుట్టిల్లు మెట్ట ప్రాంతం. ఉప్పెన ఏడు అమ్మ తమ్ముడు, పదిహేడేళ్లవాడు, కోతల పనికని అక్క ఇంటికి దిగాడు. శనివారం ఉదయం లంకవైపు పనికి పోయాడు. శవం దొరకలేదు. తర్వాత ఆఫీసులో పేర్లు రాసుకున్నప్పుడు మా నాన్న వెళ్లి చెబితే, ఈ ఊరి మనిషి కాదు గదా, వాళ్ల ఊళ్లో రాయించుకోండన్నారు. అక్కడికి వెళితే, ఇక్కడ తుఫాను లేదు గదా, అక్కడే రాయించుకోండన్నారు. రెండు జాబితాల్లోనూ అతను లేడు.

ఈ వ్యాసం రాస్తున్నానని అమ్మకి చెప్పాను.

“రాసుకోటానికి ఊరుపేరు కావాలన్నారు నాయనా. పనికొచ్చినోడికి ఏ ఊరని చెబుతాం? పనున్న ఊరే ఊరు” అంది. కాసేపాగి, “నీ పుస్తకాల్లోనన్నా రాశారా ఎవరన్నా?” అని అడిగింది.

ఎమ్మే చదివిన కొడుకు దగ్గర జవాబు లేదు. మాస్టారి నోటుపుస్తకాల్లో వందకి పైగా కవితలున్నాయి. కోతలకి పొరుగు నుంచి వచ్చి పోయినవాడు ఒక్కదాన్లోనూ లేడు. ఆఫీసు గుమాస్తాకి ఊరు కావాలి, సరే, అతని రిజిస్టరు అలాంటిది. కవికి ఏం అడ్డమొచ్చింది?

ఉప్పెనకి యాభై ఏళ్లు నిండే రోజు దగ్గర పడుతోంది. ప్రత్యేక సంచికలు వస్తాయి, పాత ఫోటోలు మళ్లీ వేస్తారు, సముద్రం మళ్లీ రాక్షసి అవుతుంది. రాయబోయే మిత్రులు ముందుగా తమ ఊళ్లో ఎనభై దాటినవాళ్ల దగ్గర ఒక పూట కూర్చుంటే బాగుంటుంది. పోయిన ఆగస్టు నుంచి నా పదో తరగతి పిల్లలచేత ఈ పని చేయిస్తున్నాను. ‘మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఉప్పెన ఏడు కోతలకి బయటి నుంచి వచ్చి తిరిగి వెళ్లనివాళ్లు ఎవరైనా గుర్తున్నారా’ అని. కొందరు పిల్లలు పేరు లేకుండా ‘కుంటి అబ్బాయి’, ‘పాటలు పాడే పెద్దమ్మ, ఆమె కూతురు’ అని రాసుకొచ్చారు. ఒకమ్మాయి తన తాతమ్మ తాటిచెట్టు పట్టుకుని బతికిందనీ, అదే చెట్టుకి కింద పట్టుకున్న మనిషి తెల్లారేసరికి లేడనీ, అతను ఏ ఊరివాడో తాతమ్మ అడగలేదనీ రాసింది.

రెండు ఊళ్లకి కలిపి ఇప్పటికి ఇరవై మూడు మంది తేలారు. అందులో తొమ్మిదిమందికి పేర్లున్నాయి. మొదటి పేరు అమ్మ చెప్పింది.